లోన్ తీసుకుని కంప్యూటర్ కొనకండి, ముందు ఉద్దెర తేల్చండి

ప్రశ్న: దేవరకొండలో మాకు ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. ఇప్పుడు నాన్న బదులు నేనే చూసుకుంటున్నా. లెక్కలన్నీ నోట్‌బుక్కుల్లోనే. రైతుల నుంచి ఉద్దెర దాదాపు 14 లక్షలు రావాలి. కంప్యూటర్, బార్‌కోడ్ మిషన్, సాఫ్ట్‌వేర్ కలిపి 1.8 లక్షలు అంటున్నారు. పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. కనీసం ఇప్పుడైతే వద్దు.

14 లక్షలకు ముందు మీరు పెట్టిన "దాదాపు" చూసి నాకు టెన్షన్ వచ్చింది. ఎవరు ఎంత ఇవ్వాలి, ఎప్పటి నుంచి ఇవ్వాలి అనేది తేలకుండా ఎంత మంచి సాఫ్ట్‌వేర్ కొన్నా, నోట్‌బుక్కులో ఉన్న గందరగోళమే స్క్రీన్ మీదికి ఎక్కుతుంది. యూరియా అమ్మేటప్పుడు పీఓఎస్ మిషన్ మీద వేలిముద్ర పెట్టించడం 2018 నుంచీ షాపులకు అలవాటే, కాబట్టి డిజిటల్ మీకు కొత్తేం కాదు. కానీ ఆ మిషన్‌కు అమ్మకం తెలుస్తుంది, బాకీ తెలియదు.

ఫోన్‌లో ఉచితంగా దొరికే ఖాతా యాప్ గానీ, మామూలు ఎక్సెల్ షీట్ గానీ చాలు. "మల్లయ్య, పత్తి మందు, 4,200, మల్ల ఇస్తడు" అని రాసి ఉంటుంది, చుట్టుపక్కల తండాల్లో, ఊళ్లల్లో మల్లయ్యలు ఎంతమంది? తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబర్, సరుకు తీసుకున్న తేదీ, ఈ నాలుగూ లేకుండా ఒక్క పేరు కూడా ఎక్కించకండి. ఈ పనికి నాన్నను పక్కన కూర్చోబెట్టుకోండి, నోట్‌బుక్కులో లేని సగం ఆయనకే గుర్తుంటుంది.

ఇక అసలు సంగతి. ఉద్దెర బాకీ వసూలుకు కోర్టుకెళ్లడానికి చట్టం ఇచ్చే గడువు మామూలుగా 3 ఏళ్లే. ఆ లోపల రైతు "ఇంత బాకీ ఉన్నాను" అని రాసిన కాగితం మీద సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి. మన పుస్తకంలో మనం రాసుకున్న పద్దు ఒక్కటే కోర్టులో చాలదు, దాన్నే కంప్యూటర్‌లో ఎక్కించినా అంతే. కాబట్టి సంతకాలున్న పాత నోట్‌బుక్కులను దయచేసి పాత పేపర్లోళ్లకు అమ్మకండి. ఊరి రైతు మీద కోర్టుకు ఎక్కమని కాదు నేను చెప్పేది, పత్తి డబ్బులు చేతికొచ్చే రోజుల్లో లెక్క చూపించి, వచ్చినంత తీసుకుని, మిగతాదానికి సంతకం పెట్టించుకోండి. లెక్క స్పష్టంగా ఉంటే రైతుకూ గొడవ ఉండదు. ఇందులో రెండు లక్షలు వసూలైనా మీరడిగిన లోన్ అవసరమే ఉండదు.

ఫోన్‌పే, గూగుల్ పే డబ్బులు సొంత సేవింగ్స్ ఖాతాలోకి పోతుంటే ఆపి, షాపు పేరు మీద కరెంట్ ఖాతాకు మార్చండి. లాభాన్ని అంచనా లెక్కన చూపించే చిన్న వ్యాపారానికి నగదు అమ్మకాల మీద 8 శాతం లాభంగా చూస్తారు, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతమే. 50 లక్షల అమ్మకాలుంటే 4 లక్షలకు, 3 లక్షలకు ఉన్నంత తేడా అది. మీకు వర్తిస్తుందో లేదో మీ ఆడిటర్‌ను అడగండి. జీఎస్టీ లెక్కలైతే వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి.

కొత్త పద్ధతి ఏప్రిల్ 1న మొదలుపెట్టండి, ఆ రోజు గోదాములో సరుకు కూడా లెక్కబెట్టి ఎక్కించండి. వానాకాలం అయ్యేదాకా నోట్‌బుక్కు, యాప్ రెండూ నడవాలి, రోజూ షాపు మూసేముందు రెండూ సరిపోవాలి. జూన్‌లో కౌంటర్ ముందు జనం నిలబడ్డాక కొత్త పని నేర్చుకునే తీరిక దొరకదు. దసరాకల్లా లెక్కలు కుదిరితే అప్పుడు వసూలైన డబ్బుతో కంప్యూటర్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనుక్కోండి, బార్‌కోడ్ మిషన్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.