ఇంకుడు గుంత ఉన్నా బోరు ఎండుతోందేం?

ప్రశ్న: కాలేజీలో ‘నేటి ప్రపంచంలో పెద్ద సమస్యలు’ అని వ్యాసం రాయమన్నారు. యుద్ధాలకంటే నీటి కొరతే పెద్దదని నాకనిపిస్తోంది. మా అపార్ట్‌మెంట్‌లో ఇంకుడు గుంత ఉన్నా మార్చి నుంచే ట్యాంకర్లు. లోపం ఎక్కడండీ?
– డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సాగర్ నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి తెచ్చుకుంటూ, నెత్తిన పడే వానను మూసీ పాలు చేసే నగరం మనది! వంద చదరపు మీటర్ల డాబా మీద 1 మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. ఇక్కడ ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. మీరే లెక్కేసుకోండి.

ముందు డాబా పైపు అసలు గుంతలోకి దిగుతోందో లేదో చూడండి. చాలాచోట్ల డ్రైనేజీలోకి పోతుంది. దిగుతుంటే, దోషం పూడికదే. అడుగున పెద్ద రాళ్లు, ఆపైన 40 ఎంఎం కంకర, తర్వాత 20 ఎంఎం, అన్నిటికీ పైన దొడ్డు ఇసుక ఉండాలి. సన్నమట్టి ఆ ఇసుకలోనే పేరుకుని పొర కడుతుంది. నీళ్లు పైనే నిలిచాయంటే అదే కారణం. ఏటా వానలకు ముందే పై అరడుగు ఇసుక తీసి కడగండి, లేదా మార్చండి. గుంత ముందు చిన్న తొట్టి కడితే బురద అక్కడే దిగుతుంది. తొలి వాన నీళ్లు బయటికి వదిలేయండి. సెప్టిక్ ట్యాంకు పక్కన మాత్రం గుంత వద్దు.

మనది గ్రానైట్ నేల, నీరు పగుళ్లలోనే నిలుస్తుంది. ఒక్క వానాకాలానికే లోతు బోరు నిండుతుందనుకోకండి.