గుర్రం ఎక్కగానే గుండె దడ... వాన పడి క్లాసు రద్దయితే బాగుండనిపిస్తోంది!

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. నాకు 42 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. చిన్నప్పటి కోరిక తీర్చుకుందామని రెండేళ్ల క్రితం మొయినాబాద్ వైపు ఒక చోట గుర్రపు స్వారీలో చేరాను. పోటీలకు వెళ్లే ఉద్దేశం లేదు. ఆదివారం పొద్దున ఒక గంట, అంతే. అయిదు నెలల క్రితం కాంటర్‌లో (గుర్రం దౌడు తీస్తున్నట్టు పరుగెత్తే నడక) ఉండగా గుర్రం దేనికో బెదిరి పక్కకు దూకింది, పడిపోయాను. హెల్మెట్ ఉంది కాబట్టి తలకు పెద్ద దెబ్బ కాలేదు, ఎముకలు విరగలేదు. వెంటనే మళ్లీ ఎక్కించారు. అప్పటి నుంచి శనివారం రాత్రి నిద్ర పట్టదు. జీను మీద కూర్చోగానే గుండె దడ, కాళ్లలో వణుకు, ఊపిరి ఆడనట్టు ఉంటుంది. నాతో చేరిన పన్నెండేళ్ల పిల్లలు అడ్డంకులు దూకిస్తున్నారు. నాకిక చేతకాదేమో అనిపిస్తోంది. వాన పడి క్లాసు రద్దయితే హాయిగా ఉంటుంది, సాయంత్రానికి ఏడుపొస్తుంది. మా ఫ్రెండ్ మీటింగుల్లో మాట్లాడే ముందు ప్రొప్రనొలాల్ వేసుకుంటుంది. నేనూ వేసుకోవచ్చా? అప్పుడప్పుడు ఆస్తమాకు ఇన్‌హేలర్ వాడతాను.
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు మాత్ర సంగతి చెబుతానమ్మా. వేసుకోకండి. ప్రొప్రనొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, నిజమే. కానీ అదే మందు ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలను బిగుసుకునేలా చేయగలదు. ఆస్తమా ఉన్నవారికి ఒక్క మాత్రతోనే ప్రమాదకరమైన ఆయాసం రావచ్చు. ఇంకెవరైనా ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలామ్ లాంటిది వేసుకోమంటే అదీ వద్దు. అది మత్తునిస్తుంది, బ్యాలెన్స్ తప్పిస్తుంది, చెయ్యీ కాలూ స్పందించడం ఆలస్యమవుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ ఆలస్యం తెలియకపోవచ్చు. నాలుగైదు వందల కిలోల జంతువు మీద కూర్చున్నప్పుడు పడటానికీ నిలదొక్కుకోవడానికీ మధ్య తేడా అదే.

రెండోది, మీకున్న లక్షణాలన్నీ భయం వల్లేనని ముందే తేల్చేసుకోవద్దు. ఊపిరి ఆడకపోవడంలో గుర్రపుశాలలోని ఎండుగడ్డి దుమ్ముకీ, గుర్రం నూగుకీ భాగం ఉండవచ్చు. అక్కడికి వెళ్లినప్పుడు పిల్లికూతలు వస్తున్నాయేమో గమనించండి, ఇన్‌హేలర్ వెంట ఉంచుకోండి, మీ ఛాతీ డాక్టరుకు ఈ విషయం చెప్పండి. గుండె దడకు రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా కారణం కావచ్చు. మీ వయసులో నెలసరి ఆగిపోయే ముందు వచ్చే హార్మోన్ల మార్పులు కూడా దడనీ, నిద్రలేమినీ తెస్తాయి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఒక ఈసీజీ చేయించండి. పడ్డాక తలనొప్పి, కళ్లు తిరగడం, వెలుతురు భరించలేకపోవడం, మతిమరుపు లాంటివి ఇంకా ఉంటే న్యూరాలజిస్టును కలవండి. తలకు కుదుపు తగిలితే కొందరిలో ఆందోళన కూడా మిగిలిపోతుంది. ఆ రోజు మిమ్మల్ని వెంటనే ఎక్కించడం నాకు నచ్చలేదు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ఆ రోజుకి స్వారీ ఆపేయాల్సిందే. ఇంకొక్క మాట, ఆ హెల్మెట్ మార్చారా? ఒకసారి గట్టిగా తగిలాక పైకి బాగానే కనిపించినా లోపలి ఫోమ్ నలిగిపోయి ఉంటుంది. అది రెండోసారి కాపాడుతుందని నమ్మకం లేదు.

పరీక్షలన్నీ బాగున్నాయనుకుందాం. అప్పుడు మిగిలేది భయం. అది మీ చేతకానితనం కాదు. మీరు నిజంగా పడ్డారు. మెదడులో ఆ ప్రమాదం గుర్తుండిపోయింది. జీను వాసన, డెక్కల చప్పుడు తగలగానే ఆడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఇక్కడే స్వారీలో ఒక చిక్కుంది. భయపడిన మనిషి సహజంగా ముందుకు ముడుచుకుంటాడు, పిక్కలతో గట్టిగా పట్టుకుంటాడు, పగ్గాలు దగ్గరకు లాగుతాడు, ఊపిరి బిగబడతాడు. గుర్రానికి పిక్కల ఒత్తిడి అంటే ముందుకు వెళ్లమని, పగ్గం లాగితే ఆగమని అర్థం. రెండూ ఒకేసారి అందితే అది ఏం చేయాలి? తల విసురుతుంది, వేగం పెంచుతుంది, లేదా మొండికేస్తుంది. ‘నా మాట వినడం లేదు, నాకు రాదు’ అని మీరు అనుకుంటారు. నిజానికి అది మీ మాట వింటూనే ఉంది, మీకు తెలియకుండా మీరిస్తున్న రెండు మాటలూ వింటోంది.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. తోటి ప్రాణి బిగుసుకుంటే దగ్గరలో ఏదో ప్రమాదం ఉందని అర్థం చేసుకోవడం దాని స్వభావం. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. గుర్రం మీదున్నవారికీ, నడిపించేవారికీ ఈసారి దారిలో ఒక గొడుగు ఫట్‌మని తెరుస్తామని ముందే చెప్పారు. కానీ తెరవలేదు. అయినా ఆ మనుషుల గుండె వేగం పెరిగింది, వారితో పాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. జరగని సంగతిని తలచుకుని మనిషి బెదిరితే గుర్రానికీ అంటింది. మీరు బెంగపడాలని చెప్పడం లేదు. మీ ఒంట్లో బిగువు సడలితే దాని ఫలితం కూడా గుర్రంలో కనిపిస్తుందని చెబుతున్నాను.

బిగువు సడలించడానికి నేను నమ్మే సాధనం ఊపిరి వదలడం. పీల్చడం కాదు, వదలడం. నడకలో గుర్రం డెక్కలు నాలుగు వేర్వేరు చప్పుళ్లు చేస్తాయి. ఎనిమిది చప్పుళ్లు వినబడేంతసేపు పీల్చి, పన్నెండు చప్పుళ్లు వినబడేంతసేపు మెల్లగా వదలండి. ఊపిరి నిదానంగా వదిలేటప్పుడు వేగస్ నరం గుండెను నెమ్మదింపజేస్తుంది. లెక్క తప్పుతుంటే ఇష్టమైన పాట ఏదైనా కూనిరాగం తీయండి. పాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరివల్లా కాదు. చూపు గుర్రం మెడ మీద కాకుండా దూరంగా ఒక చెట్టు మీద ఉంచండి, వెన్ను దానంతటదే నిటారవుతుంది. ఖాళీ కడుపుతో, రెండు కప్పుల కాఫీతో వెళ్లకండి. ఆ వణుకు కూడా భయంలో కలిసిపోతుంది.

ఇప్పుడు వాన సంగతికి వస్తాను, మీ ఉత్తరంలో అసలు విషయం అదే. క్లాసు రద్దవగానే హాయిగా ఉందన్నారు కదా, ఆ హాయే భయానికి మేత. తప్పించుకున్న ప్రతిసారీ ‘చూశావా, వెళ్లకపోవడం వల్లే క్షేమంగా ఉన్నావు’ అని మెదడు నేర్చుకుంటుంది. అలాగని పళ్లు బిగించి మళ్లీ కాంటర్‌లోకి దూకడమూ మందు కాదు, అయిదు నెలలుగా మీరు చేస్తున్నది దాదాపు అదే. కోచ్‌తో విడిగా మాట్లాడండి. ‘నాకు భయంగా ఉంది, కొన్ని వారాలు వెనక్కి వెళ్లి మొదలుపెడతాను’ అని సూటిగా చెప్పండి. నిదానమైన, వయసు మళ్లిన గుర్రం కావాలని అడగండి. కోచ్ మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే మీరు ఊరికే కూర్చునే క్లాసులు అడగండి, పగ్గాల బాధ్యత ఉండదు. భయానికి సున్నా నుంచి పదికి మీరే మార్కులు వేసుకోండి. మూడు నాలుగు మార్కుల భయం పుట్టే పనినే ఎంచుకుని అది సగానికి తగ్గేదాకా మళ్లీ మళ్లీ చేయండి. నడక సులువయ్యాక ట్రాట్, అంటే నడకకూ కాంటర్‌కూ మధ్య వేగం. కాంటర్ ఎప్పుడన్నది ఇప్పుడు అనుకోనే వద్దు. కోచ్ దీనికి విసుక్కుంటే, మీకు ఎప్పుడూ బెదిరే గుర్రాన్నే అంటగడుతుంటే, అక్కడ మీ భయం సరైనదే చెబుతోంది. వేరే చోటు చూసుకోండి.

పన్నెండేళ్ల పిల్లలతో పోల్చుకోవడం గురించి. వాళ్లకు తేలికైన ఒళ్లు, పడితే త్వరగా మానే ఎముకలు ఉన్నాయి. తాము పడితే ఇంట్లో ఎవరు చూసుకుంటారన్న ఆలోచన వాళ్లకు లేదు. మీకు ఇద్దరు పిల్లలున్నారు, ఆ ఆలోచన ఉండటం తప్పెలా అవుతుంది? పైగా మీకు పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు, గడువు లేదు. జీవితాంతం నడకలోనే స్వారీ చేసినా మీరు రౌతే. ఇంటికొచ్చాక ఆ రోజు కుదిరిన ఒక్క పనిని నోటు పుస్తకంలో రాసుకోండి. ‘తాడు క్లాసులో పది నిమిషాలు’ అని రాసినా చాలు.

ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే, పడిన దృశ్యం పదేపదే కళ్ల ముందుకు వస్తుంటే, లేదా గుర్రాలతో సంబంధం లేని రోజుల్లో కూడా ఈ దడ వస్తుంటే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. ఆలోచననూ అలవాటునూ మెల్లగా మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఇలాంటి భయాలకు బాగా పనిచేస్తుంది. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ఈ ఆదివారం మాత్రం వాన పడినా వెళ్లండి. స్వారీ ఉండదు, గుర్రపుశాల ఉంటుంది. సైస్‌ను (గుర్రాలను చూసుకునే మనిషిని) అడిగి బ్రష్ తీసుకోండి, ఎదుట నుంచి కాకుండా భుజం పక్కగా, పలకరిస్తూ దగ్గరికి వెళ్లండి. ఒళ్లు తోమి, మేత పెట్టి ఇంటికి రండి.