బడిలో ఇంగ్లీషు వ్యాకరణం విడిగా చెప్పాలా?

మీ అమ్మాయి బడిలో గ్రామర్ పీరియడ్ తీసేశారని, కథలు చదివితే వ్యాకరణం దానంతట అదే వస్తుందంటున్నారని, అది నమ్మవచ్చా అని అడిగారు. సగం నమ్మండి. ఇంట్లో ఇంగ్లీషు వినపడని పిల్లలకు వ్యాకరణం విడమరచి చెప్పి తీరాలి. కానీ నాకు చెప్పిన పద్ధతిలో కాదు. ఆరు నుంచి పదో తరగతి వరకు పన్నెండేళ్లు ఇంగ్లీషు చెప్పాను, ఆ అనుభవంతోనే ఈ మాట అంటున్నాను.

యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చమంటే చదువుకునే రోజుల్లో నిద్రలో లేపి అడిగినా మార్చేవాడిని. వ్యాకరణంలో ఒక్క మార్కు పోయేది కాదు. కాలేజీలో చేరాక నా గురించి అర పేజీ రాయమంటే గంటసేపు కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను. ఆ గంట ఇప్పటికీ మరచిపోలేదు. అయినా ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ నిర్వచనాలే బట్టీ పట్టించాను.

నన్ను మార్చింది ఎనిమిదో తరగతి అమ్మాయి నోటు పుస్తకం. "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" అని రాసింది. మూడుసార్లు ఎర్ర సిరాతో దిద్దాను, నాలుగోసారీ అదే. కథల పుస్తకాలు విడవకుండా చదివే పిల్ల! అప్పుడు "అతన్ని నిన్న చూశాను", "ఆ సినిమా ఇదివరకే చూశాను" అని రెండు తెలుగు వాక్యాలు బోర్డు మీద రాశాను. రెండింటిలోనూ "చూశాను" ఒకటే. మనకు ఒక్క రూపంతో గడిచిపోతుంది, ఇంగ్లీషులో రెండు కావాలి. ఎప్పుడు చూశామో చెబితే "సా". ఎప్పుడన్నది చెప్పకుండా, చూడటం అయిందని మాత్రమే అంటే "హావ్ సీన్". పది నిమిషాలు పట్టింది. ఆ పిల్ల పాత పేజీలు తిరగేసి అలాంటివే ఐదు తప్పులు తానే పట్టుకుని దిద్దుకుంది. చదివేటప్పుడు అర్థం అందితే చాలు, కన్ను ముందుకు వెళ్లిపోతుంది. ఆ తేడా దగ్గర ఎవరో ఒకరు ఆపి చూపించాలి.

వ్యాకరణం వద్దనేవారు తరచూ 1963లో అమెరికాలో రిచర్డ్ బ్రాడక్ అనే పరిశోధకుడి బృందం ఇచ్చిన నివేదికను గుర్తు చేస్తారు. వ్యాకరణ పాఠాల వల్ల రాత మెరుగుపడేది అతి స్వల్పమని, రాసే సాధనకు దక్కాల్సిన సమయాన్ని అవి తినేస్తే నష్టం కూడా ఉందని అది చెప్పింది. నిజమే, కానీ ఆ పరిశీలన ప్రధానంగా ఇంగ్లీషులోనే పెరిగిన పిల్లల గురించి. "మేము", "మనం" తేడా మన పిల్లలకు ఎవరూ నేర్పలేదు, అయినా తప్పరు. పెద్దయ్యాక తెలుగు నేర్చుకునేవారికి మాత్రం కూర్చోబెట్టి చెప్పాల్సి వస్తుంది. ఇంగ్లీషు విషయంలో మన పిల్లలది ఆ రెండో స్థితి. రెండో భాష బోధనపై 49 అధ్యయనాలను నోరిస్, ఒర్టెగా అనే పరిశోధకులు 2000లో కలిపి చూసినప్పుడు నియమం వివరించి చెప్పిన బోధనే మెరుగని తేలింది. అయితే వాటిలో ఎక్కువ పరీక్షలు ధారాళంగా మాట్లాడటాన్ని కొలిచినవి కావు, అది కూడా గుర్తుంచుకోవాలి.

చిన్న తరగతుల్లో సూత్రాలు అక్కర్లేదు, వినడం, చదవడం చాలు. తర్వాత కూడా అన్నీ చెప్పనక్కర్లేదు. మన భాష పక్కదారి పట్టించే చోట్లు చెబితే సరిపోతుంది. "రోజూ వెళతాను", "రేపు వెళతాను" మనకు ఒకటే కాబట్టి "ఐ గో టుమారో" అంటారు. "డిడ్ యూ గో" అనాల్సిన చోట "డిడ్ యూ వెంట్" అనడం ఇంకొకటి. "ఎ", "ద" మాత్రం సూత్రాలకు పూర్తిగా లొంగవు, చదవగా చదవగా చెవికి పట్టాల్సిందే.

బడివారిని పాత పీరియడ్ తిరిగి పెట్టమని అడగకండి. వారానికొకసారి, పిల్లలు రాసినవాటిలో ఎక్కువమంది చేసిన తప్పు ఒకటి తీసుకుని, పావుగంట తెలుగుతో పోల్చి వివరించమనండి. ఆలోగా మీ అమ్మాయి నోటు పుస్తకంలో మళ్లీ మళ్లీ వస్తున్న తప్పేదో మీరే చూడండి.