అంబులెన్సులో అల్ట్రాసౌండ్ ఉంటే ఇంజెక్షన్ దారిలోనే ఇవ్వొచ్చా?

మాస్టారూ, రాజోలు నుంచి పెద్దాసుపత్రికి చేరేలోపే పుణ్యకాలం గడిచిపోతోందని, చందాలతో అంబులెన్సుకి చిన్న అల్ట్రాసౌండ్ మెషిన్ కొంటే పక్షవాతం ఇంజెక్షన్ దారిలోనే చేయించొచ్చా అని అడిగారు. కుదరదండి. రక్తం గడ్డకట్టి వచ్చిందా, నరం చిట్లి వచ్చిందా అన్నది సీటీ తీస్తేనే తేలుతుంది. చిట్లినప్పుడు గడ్డ కరిగించే మందు పడితే ప్రాణం మీదికొస్తుంది.

అలాగని ఆ మెషిన్ దండగ కాదు. కణత దగ్గర ఎముక పల్చన. అక్కడ ప్రోబ్ (మెషిన్‌కి ఉండే, ఒంటికి ఆనించే భాగం) ఆనిస్తే మెదడులో పెద్ద రక్తనాళం పారుతోందో లేదో తెలుస్తుంది. మూసుకుపోయినట్టుంటే, గడ్డని గొట్టంతో లాగేసే ఆసుపత్రికే నేరుగా వెళ్లొచ్చు. కాకపోతే కొందరికి, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లకి, ఆ ఎముక మందంగా ఉండి ఏమీ కనపడదు. పైగా గోతుల్లో ఊగే బండిలో పట్టాలంటే చెయ్యి తిరిగినవాళ్లు కావాలి.

అన్నట్టు, 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం వల్ల రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి ఆ మెషిన్ అమ్మకూడదు. చందాలు వసూలు చేశాక ఈ టెన్షన్ ఎందుకు?

ఇంజెక్షన్ గడువు 4.5 గంటలు. లెక్క పడిపోయి కనిపించినప్పటి నుంచి కాదు, ఆఖరుసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి. ఆ టైమ్ చీటీ మీద రాసి 108 వాళ్ల చేతిలో పెట్టండి. షుగర్ చూడమనండి, అది తగ్గినా అచ్చం ఇలాగే ఉంటుంది. బండి కదలగానే సీటీ ఉన్న ఆసుపత్రికి ఫోన్ చేయించండి.