పాటలకు ర్యాంకులు పంపిన పాపకు

పాపా,

నువ్వు పంపిన మైకేల్ జాక్సన్ పాటల ర్యాంకింగ్ చదివాను. తెలుగు బాగుంది, ఆగకుండా చదివించావు. కానీ 'థ్రిల్లర్' ఆల్బమ్ దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది.

1982లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో ఉన్నవి 9 పాటలు. వాటిలో 7 సింగిల్స్‌గా, అంటే విడి పాటలుగా, విడుదలయ్యాయి, ఏడూ అమెరికాలో పాటల జనాదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో టాప్ 10లోకి ఎక్కాయి. నీ మొదటి ఏడు స్థానాలూ సరిగ్గా ఆ ఏడింటికే పోయాయి. సింగిల్స్‌గా రాని 'బేబీ బి మైన్', 'ద లేడీ ఇన్ మై లైఫ్' అడుగున పడ్డాయి, వాటి పక్కన 'స్కిప్' అని ఒక్క మాట. ఇది నీ ఇష్టమేనా? ఎప్పుడో అక్కడి రికార్డు కంపెనీ వాళ్లు వేసుకున్న లెక్కను ప్రొద్దుటూరులో కూర్చుని ఎత్తి రాసినట్టుంది. ఆ రెండు పాటలూ, నువ్వు రెండో స్థానంలో పెట్టిన 'థ్రిల్లర్' పాటా రాసింది ఒక్కరే, రాడ్ టెంపర్టన్. ఒకే చేతి పాటల్లో ఒకటి నచ్చి రెండు ఎందుకు నచ్చలేదో చెప్పవద్దా? 'లేడీ' చివర్లో పాట అయిపోవాల్సిన చోట కూడా జాక్సన్ వదలకుండా బతిమాలుతూనే ఉంటాడు. అక్కడిదాకా విని స్కిప్ అన్నావా, మొదట్లోనే దాటేశావా? విని నచ్చలేదంటే సరే, పోట్లాడుకుందాం.

నేను నీ వయసులో ఉన్నప్పుడు కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక షాపులో చీటీ రాసిస్తే కేసెట్లో పాటలు నింపి ఇచ్చేవాళ్లు. 'థ్రిల్లర్' మొత్తం 42 నిమిషాలు. 60 నిమిషాల కేసెట్లో అది పోగా మిగిలే కాస్త జాగాలో అంతకుముందు వచ్చిన జాక్సన్ ఆల్బమ్ 'ఆఫ్ ద వాల్' నుంచి ఏవి పెట్టించుకోవాలి? ఇంకో కేసెట్‌కు డబ్బుల్లేవు. ఒక పాట రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, షాపాయన విసుక్కునేదాకా కౌంటర్ దగ్గరే నిలబడేవాణ్ణి. అందులోని 'షీ ఈజ్ ఔటాఫ్ మై లైఫ్' చివర అతని గొంతు ఏడుపుతో తెగిపోతుంది, నిర్మాత క్విన్సీ జోన్స్ దాన్ని తీసేయకుండా అట్లే ఉంచాడు. దానికోసం రెండు హుషారు పాటలు వదులుకున్నా. వదులుకున్నది ఏదో, ఎందుకో రాయని ర్యాంకింగ్ నాకు అక్కర్లేదు.

ఇదే మాట మీద ఒక వారపత్రికతో తగువు కూడా పడ్డాను. 'థ్రిల్లర్'లోని ఒక్క 'బిల్లీ జీన్' పాట మొదలు గురించి, గొంతు వినపడకముందు దాదాపు అర నిమిషం నడిచే ఆ డ్రమ్స్, బేస్ గురించి పేజీలకు పేజీలు రాసి పంపితే, ఎడిటర్ గారు అంతా కోసేసి 'టాప్ 10 పాప్ పాటలు' అని బాక్స్ కట్టి వేశారు. ఆ మొదలు మరీ పొడుగైందని, తగ్గించమని క్విన్సీ జోన్స్ అడిగితే జాక్సన్ ఒప్పుకోలేదు, తనకు డాన్స్ చేయాలనిపించేదే అది అన్నాడు. కోయనివ్వని మనిషి గురించి రాస్తే కోసేశారే అని ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇప్పుడు ఎడిటర్లు కూడా అక్కర్లేదు, మీ పిల్లలు మీ అంతట మీరే బాక్సులు కట్టుకుంటున్నారు. అన్నిటికంటే పైది ఎస్ టియర్, దాని కింద ఏ టియర్ అంట! 'మాస్టర్‌పీస్', 'వైబ్', 'అండర్‌రేటెడ్' మూడూ తీసేయ్, నీ వ్యాసంలో ఏం మిగులుతుందో చూడు.

ఒకటి మిగులుతుంది. 'హ్యూమన్ నేచర్' దగ్గర ఒక వాక్యం రాసి, దాని మీద గీత పెట్టావు: 'హాస్టల్ మేడ మీద ఇది వింటుంటే అమ్మ ఫోన్ వచ్చింది, కట్ చేసినా.' అది చదివి చాలాసేపు ముందుకు పోలేకపోయాను. ఎందుకు కొట్టేశావు? ర్యాంకింగ్‌లో సొంత గొడవ ఉండకూడదని ఎవరైనా చెప్పారా? ఆ పాటకు ఐదో స్థానం ఇచ్చావు, ఆ వాక్యం ఉంటే నువ్వు దాన్ని ఐదులో పెట్టలేవు.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు, అవి తర్వాత. 'బ్యాడ్', 'డేంజరస్' ఆల్బమ్‌లు ప్రస్తుతానికి పక్కన పెట్టు. 'థ్రిల్లర్' ఒక్కదాన్నే తీసుకుని, ఆ గీత చెరిపేసి, ఎనిమిదీ తొమ్మిదీ స్థానాల నుంచి పైకి రాసుకుంటూ రా. పండగకు ఊరికి వచ్చేలోపు పంపితే చదివి ఉంచుతాను.