12 ఏళ్లుగా షెడ్డులో నిలబడిన 1972 షెవర్లే సీ10 బిగ్ బ్లాక్ కొనవచ్చా? కొంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: టెక్సస్‌లో ఒక పొలం షెడ్డులో 12 ఏళ్లుగా కదలకుండా ఉన్న 1972 షెవర్లే సీ10 పికప్ బేరానికి వచ్చింది. బండి మీద 400 అనే అంకె ఉంది, అమ్మే ఆయన బిగ్ బ్లాక్ (షెవర్లే వీ8 ఇంజన్లలో పెద్ద కుటుంబం; చిన్నదాన్ని స్మాల్ బ్లాక్ అంటారు) అంటున్నాడు. పాత ఇంజన్‌ను బాగు చేయించుకోవాలా, దాన్ని దించేసి జీఎం వాళ్ల కొత్త తరం వీ8 అయిన ఎల్‌ఎస్ ఇంజన్ ఎక్కించాలా అని అడిగారు.

ఇదే 1972 మోడల్ బండిని, ఇదే ఇంజన్‌తో, ఫోర్ట్ వర్త్ దగ్గర మా ఇంటి గ్యారేజీలో మూడున్నరేళ్లు పెట్టి నిలబెట్టాను. ఏడాదిలో అయిపోతుందని మా ఆవిడకు మాటిచ్చి మొదలుపెట్టాను. ఆ మాట ఆవిడ ఇంకా మరచిపోలేదు.

ఇంజన్ సంగతి తర్వాత. ముందు టైటిల్ కాగితం, అంటే బండి యాజమాన్య పత్రం, ఉందో లేదో చూడండి. లేకపోతే బాండ్ కట్టి టైటిల్ తెచ్చుకునే పద్ధతి టెక్సస్‌లో ఉంది కానీ, ఆ తిరుగుడు ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. తర్వాత ఒక అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి, తలుపుల కింది అంచుల వెంట, క్యాబిన్ వెనుక మూలల మీద నడిపించండి. అది పట్టు వదిలిన చోటల్లా రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. లోపల మ్యాట్ ఎత్తి, కాళ్లు పెట్టుకునే చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. ముందు అద్దం కింద గాలి కోసం ఉన్న జాలీలో ఆకులు చేరి, వాన నీరు పోయే దారి మూసుకుపోయి, ఆ తడి పక్క రేకుల్లోకీ ఫ్లోరులోకీ దిగుతుంది. నా బండిలో రబ్బరు మ్యాట్ ఎత్తితే నేల కనిపించింది. నేల అంటే బండి నేల కాదు, గ్యారేజీ నేల. ఇంజన్ ఎంత పాడైనా డబ్బు పెడితే బాగవుతుంది. క్యాబిన్ తుప్పు పట్టి, క్యాబిన్‌ను ఛాసిస్‌కు బిగించే మౌంట్ల దాకా వెళ్లి ఉంటే, మరో బండి చూసుకోవడం మంచిది.

ఇక ఆ 400. దాన్ని చూసి ఒక్క విడిభాగం కూడా కొనకండి. 1970లో షెవర్లే వాళ్లు 396 బిగ్ బ్లాక్ ఇంజన్ బోరును (సిలిండర్ వ్యాసాన్ని) సుమారు 0.030 అంగుళం పెంచితే అది 402 క్యూబిక్ అంగుళాలైంది. పికప్‌లలో దాన్నే 400 పేరుతో అమ్మారు. సరిగ్గా అదే 1970లో స్మాల్ బ్లాక్ కుటుంబంలోనూ ఒక 400 వచ్చింది. పేరు ఒకటే తప్ప రెండింటికీ చుట్టరికం లేదు. నేను తెలియక 400కు హెడ్ గ్యాస్కెట్లు కావాలని ఆర్డర్ పెట్టాను. వచ్చినదాన్ని బ్లాకు మీద పరిస్తే ఒక్క రంధ్రమూ కలవలేదు. అమ్మినవాళ్ల తప్పేమీ లేదు, నేను అడిగినదే పంపారు. ఛాసిస్ నంబరు కూడా మీకు సాయపడదు, అందులో మూడో అక్షరం ఈ అయితే వీ8 అని మాత్రమే అర్థం. తేల్చుకునే సులువైన మార్గం బోల్టులు లెక్కపెట్టడం: ఇంజన్ పైనుండే మూత, అంటే ట్యాపెట్ కవరు, ఒక్కోదానికి ఏడు ఉంటే బిగ్ బ్లాక్, నాలుగు ఉంటే స్మాల్ బ్లాక్. అర్ధ శతాబ్దంలో ఎవరో ఒకరు ఇంకా పెద్ద బిగ్ బ్లాక్ అయిన 454 ఎక్కించి ఉండవచ్చు కూడా. 454లో క్రాంక్‌కు ముందుండే బ్యాలన్సర్‌కూ, వెనుకుండే ఫ్లెక్స్ ప్లేటుకూ తూకం కోసం అదనపు బరువు ఉంటుంది. 402కు అలా కాదు. ఒకదానివి మరొకదానికి బిగిస్తే ఇంజన్ వణుకుతుంది, బేరింగులు పోతాయి.

12 ఏళ్లు నిలబడిన ఇంజన్‌కు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టాలని చేతులు దురదపెడతాయి. కొట్టకండి. ప్లగ్గులన్నీ తీసి, ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి, రెండు రోజులు వదిలేసి, క్రాంక్ బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పండి. తిరిగితే అదృష్టం. పాత పెట్రోలు మొత్తం తీసేయండి, వార్నిష్ వాసన వస్తుంది. ఈ మోడల్‌లో పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే, మీ సీటు వెనుక ఉంటుంది. నేను దాన్ని తీసేసి వెనుక బెడ్డు కింద, ఛాసిస్ పట్టీల మధ్య కొత్తది బిగించాను. అసలుదనం పోయిందని కొందరు ముక్కు విరుస్తారు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని వీపు వెనుక పెట్రోలు మోసేంత అసలుదనం నాకు అక్కర్లేదు.

నేను చేసిన పెద్ద పొరపాటు క్యామ్ (వాల్వులను తెరిపించే షాఫ్టు) దగ్గర. ఈ ఇంజన్‌లో ట్యాపెట్ల అడుగు, క్యామ్ లోబ్ (షాఫ్టు మీది ఉబ్బు) మీద నేరుగా రాసుకుంటూ తిరుగుతుంది. కొత్త క్యామ్ వేసినప్పుడు మొదటిసారి స్టార్టయిన క్షణం నుంచి 20, 30 నిమిషాలు ఇంజన్‌ను 2000 ఆర్‌పీఎమ్‌కు తగ్గకుండా నడపాలి. అప్పుడే లోబ్, ట్యాపెట్ ఒకదానికొకటి అలవాటుపడతాయి. ఐడిల్‌లో వాటికి ఆయిల్ సరిగా అందదు. పైగా ఇప్పటి కార్ల ఆయిల్‌లో జింక్ పాళ్లు తగ్గించారు కాబట్టి, జింక్ ఎక్కువున్న ఆయిల్ వెతికి పోయాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఏం చేశానంటే, కార్బురేటర్‌లో పెట్రోలు నింపకుండా సెల్ఫ్ కొట్టాను. ఆరేడు సార్లు తిరిగాక గానీ అందుకోలేదు. ఆ తిరుగుడులోనే, అరగకుండా లోబ్‌ల మీద పూసిన పేస్టు తుడిచిపెట్టుకుపోయింది. అందుకున్న నాలుగో నిమిషంలో రేడియేటర్ పైపు క్లాంపు ఊడి వేడినీళ్లు చిమ్మాయి. ఇంజన్ ఆపాను. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు, పక్కింటి వాళ్లు బయటికి వచ్చి చూస్తున్నారని మొహమాటపడి ఐడిల్‌లో వదిలేశాను.

300 మైళ్ల తర్వాత టిక్ టిక్ మొదలైంది. ట్యాపెట్ సెట్టింగ్ అనుకున్నాను. మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లతోనే జీవితం గడిపారు. ఫోను బోనెట్ దగ్గర పెట్టి వినిపించాను. పది సెకన్లు విని, "ట్యాపెట్ కాదురా అబ్బాయి, క్యామ్ తింటోంది. ముందు ఆపెయ్. ఆయిల్ ఫిల్టర్ కోసి చూడు" అన్నారు. కోశాను. కాగితం మడతల్లో వెండి రజను మెరిసింది, అయస్కాంతం దగ్గర పెడితే గడ్డిపరకల్లా లేచి నిలబడింది. ఒక లోబ్ దాదాపు గుండ్రంగా అయిపోయింది, దాని మీది ట్యాపెట్ అడుగు గిన్నెలా లోపలికి పోయింది. ఆ రజను మెయిన్ బేరింగుల దాకా వెళ్లింది. ఇంజన్ మళ్లీ దించాను, మళ్లీ విప్పాను. రెండోసారి రోలర్ క్యామ్ వేయించాను. ధర ఎక్కువే, కానీ ఈ అలవాటు చేసే తతంగం దానికి లేదు. మీరు మొదటిసారే ఆ డబ్బు పెట్టండి.

మిగతా మార్పుల్లో విలువైనది గేర్‌బాక్స్. నా బండిలో మొదట ఉన్నది టర్బో 400 అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అందులో టర్బో ఏమీ లేదు, టర్బో హైడ్రామాటిక్ అనే పేరులోని ముక్క అది. మూడే గేర్లు. వెనుక ఇరుసు హౌసింగ్‌లో 3.73 గేరు నిష్పత్తి, 28 అంగుళాల టైరుతో 70 మైళ్ల వేగంలో ఇంజన్ సుమారు 3100 ఆర్‌పీఎమ్ తిరుగుతుంది, గంట ప్రయాణం తర్వాత చెవులు హోరెత్తుతాయి. దాని తర్వాతి తరమైన 4ఎల్80ఈ వేస్తే నాలుగో గేరు 0.75 కాబట్టి అదే వేగానికి 2350 చాలు. ప్రొపెల్లర్ షాఫ్టు కోయించాలి, క్రాస్ మెంబర్ జరపాలి, గేర్లు మార్చడానికి ఎలక్ట్రానిక్ కంట్రోలర్ కొనాలి. అయినా ఆ పని చేసినందుకు ఒక్కరోజూ బాధపడలేదు. ప్లాటినం పాయింట్లు తీసేసి హెచ్‌ఈఐ (జీఎం ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) డిస్ట్రిబ్యూటర్ పెట్టడం ఒక పూట పని. కానీ పాత కాయిల్ వైరు కావాలనే ఓల్టేజీ తగ్గించే రకం. దాన్ని వదిలేసి పూర్తి 12 ఓల్టులు ఇవ్వండి, లేకపోతే మిస్సింగ్ వస్తుంది. 1971 నుంచి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి కాబట్టి మీకు ఆ ఖర్చు తప్పింది. బ్రేకు పైపులు, బ్రేకు సిలిండర్లు మాత్రం అన్నీ మార్చండి. రేడియేటర్ పెద్దది వేసి, ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు తప్పక బిగించండి. టెక్సస్ ఆగస్టులో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు తేడా మీకే తెలుస్తుంది. నాకు ఆ తొడుగు వసంతంలో టెక్సస్ మోటార్ స్పీడ్‌వేలో జరిగే పేట్ స్వాప్ మీట్ అనే పాత విడిభాగాల సంతలో దొరికింది.

ఎల్‌ఎస్ సంగతి. రోజూ ఆఫీసుకు దీని మీదే వెళ్లాలనుకుంటే ఎల్‌ఎస్ వేసుకోండి. తేలిక, చలిలో ఒక్క తిప్పుకు అందుకుంటుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది. నా 402 గ్యాలనుకు పది మైళ్లు ఇస్తుంది, అంటే లీటరుకు నాలుగు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. లోడు లారీ మైలేజీ ఇదేనని బాబాయి నవ్వారు. వారాంతాల కోసమైతే మాత్రం, బిగ్ బ్లాక్‌తో పుట్టిన బండిలోంచి బిగ్ బ్లాక్ తీయకండి. ఎల్‌ఎస్ వేసిన సీ10లు సందుకొకటి ఉన్నాయి. యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే ఐడిల్ దగ్గర నుంచే బండిని ఎత్తి నెట్టే ఆ బలం ఒకసారి అలవాటైతే, కొత్త ఇంజన్‌ను రేస్ చేసి తెచ్చుకునే బలం వేరే రుచిగా ఉంటుంది.

పొగ పరీక్ష గురించి బెంగ వద్దు, టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన బండికి అది లేదు. యాంటిక్ ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలకూ క్లబ్బు కార్యక్రమాలకూ మాత్రమే తిప్పాలి. మామూలుగా తిరగాలంటే క్లాసిక్ ప్లేటు తీసుకోండి.

శనివారం బండి చూడటానికి వెళ్తున్నానని రాశారు. ట్యాపెట్ కవరు ఫొటో ఒకటి, మ్యాట్ ఎత్తిన ఫ్లోరు ఫొటో ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. ధర సంగతి వాటిని చూశాక చెబుతాను.