చేయి చాచింది ఎవరు?

సందేహం: 2022 నాటి శ్రీలంక సంక్షోభం మీద దాచుకున్న పేపర్ కటింగులు మా అమ్మాయి ప్రాజెక్టు కోసం బయటికి తీశాను. ఒకదానిలో 'శ్రీలంకకు భారత్ వంద కోట్ల డాలర్ల రుణసాయం పొడిగింపు' అని, మరోదానిలో 'మయన్మార్‌పై ఆంక్షల పొడిగింపు' అని ఉంది. "అంటే పాత అప్పుకే గడువు పెంచారా అమ్మా?" అని అడిగింది. చెప్పలేకపోయాను. ఈ రెండు పొడిగింపులూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాదు

సమాధానం: మీ అమ్మాయికి వచ్చిన అనుమానం ఆ శీర్షిక పెట్టినాయనకు వచ్చి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే పని తప్పేది. రెండూ ఒకటి కావు.

పొడిగించాలంటే ముందు ఒకటి ఉండాలి. నుమాయిష్ రెండు రోజులు పొడిగించారంటే అది అప్పటికే నడుస్తోందని అర్థం. పిల్ల ఎదిగిందని పరికిణీ అంచు మడత విప్పి దర్జీ పొడుగు చేసిస్తాడు. కొత్త పరికిణీ కుట్టిస్తే దాన్ని పొడిగించడం అనం. పొద్దు పొడవడం, పొడచూపడం, పొడమడం, వీటన్నిటిలోనూ పైకి లేవడమో కంటబడడమో ఉంది. పొడవు, పొడుగు కూడా ఆ కుదురువేననీ, మొదట ఎత్తుకే చెల్లి తర్వాత కాలానికీ పాకాయనీ నా నమ్మకం.

మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నాక యూరోపియన్ యూనియన్ విధించిన ఆంక్షలకు గడువు ఉంది. అది ముగిసే వేళకు మళ్లీ పెంచుతూ వచ్చారు. అది అసలైన పొడిగింపు. శ్రీలంకకు 2022 మార్చిలో ఆహారం, మందుల కోసం మనం ఒప్పుకున్న వంద కోట్ల డాలర్లు కొత్త అప్పు. ఇంగ్లీషు 'ఎక్స్‌టెండ్'కు ఇవ్వడమనీ, సాగదీయడమనీ రెండర్థాలు. అనువాదకుడి చేతికి రెండోదే తగిలింది. చిత్రమేమిటంటే, ఆ ఏడాది జనవరిలో రిజర్వు బ్యాంకు శ్రీలంకకు ఇచ్చిన 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడికి (తమ కరెన్సీ ఇచ్చి డాలర్లు తీసుకుని, గడువుకు తిరిగి మార్చుకునే ఏర్పాటు) తర్వాత నిజంగానే గడువు పెంచారు. అక్కడ పొడిగింపు అంటే ఎవరూ తప్పు పట్టరు.

ఇంతకంటే నా ఒళ్లు మండించే మాట ఇంకోటుంది: 'శ్రీలంకవైపు భారత్ స్నేహహస్తం చాచింది.' తెలుగువాడు చేయి చాచేది అడుక్కోవడానికి! ఒకరి ముందు చేయి చాచకుండా బతికానని మన పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. ఇచ్చేవాడి చేయి ఎక్కడుంటుందో పోతన బలిచక్రవర్తిని అడగండి. వచ్చినవాడు విష్ణువు, ఇవ్వొద్దు అని శుక్రాచార్యుడు ఎంత చెప్పినా బలి వినడు. లక్ష్మీదేవి కొప్పు మీద, మేని మీద, పైట మీద, పాదాల మీద, చెక్కిళ్ల మీద ఆడిన ఆ విష్ణువు చేయి 'కరంబు గ్రిందగుట మీఁదై నా కరంబుంట మేల్ గాదే' అంటాడు. ఎంతటి చేయి! అది కింద, నాది పైన. ఇంతకంటే ఏం కావాలి, రాజ్యం గీజ్యం సతతమా అని వెంటనే రాజ్యాన్ని తీసిపారేస్తాడు. ఆ 'గీజ్యం' దగ్గర నేనిప్పటికీ ఆగిపోతాను. అంత గంభీరమైన ఘట్టంలో అరుగు మీది మాట పెట్టడానికి ఎంత గుండె కావాలి! ఈ పద్యం చదివినవాడెవడైనా సాయం చేసే దేశం చేత చేయి చాపిస్తాడా? చేయందించింది, ఆదుకుంది, చేయూతనిచ్చింది... ఇన్ని మాటలు మూలన పడి ఉన్నాయి.

అయితే, స్నేహానికి చేయి చాచడంలో అడిగే గుణం కొంత ఉందని, నువ్వూ చేయి కలుపు అని కోరడమేనని ఎవరైనా వాదిస్తే నేను గట్టిగా కాదనలేను. ఇప్పటికే బాగా పాతుకుపోయిన మాట. సరే, ఉండనివ్వండి.

అన్నట్టు, 'దౌత్య చర్యలు' అన్నప్పుడు విభక్తి చూసుకోండి: ఒక దేశం 'మీద' చర్యలంటే శిక్షించినట్టే వినబడుతుంది.

ఇక మీ కటింగు. 'శ్రీలంకకు భారత్ వంద కోట్ల డాలర్ల అప్పు' అని అమ్మాయి చేత పెన్సిలుతో దిద్దించండి. అక్షరాలు కూడా తగ్గాయి.